సున్నాకి దిగే ముల్లు

బుల్లయ్య షెడ్డులో నూనె మరకల చెక్కబల్ల మీద మూడు ప్రెషరు మీటర్లు వరసగా పెట్టి ఉన్నాయి. జ్ఞానప్రసూనాంబ వాటి వంకే చూస్తూ, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. మూడింట్లో ఏది నిజం చెబుతుందో పొద్దుగూకే లోపల తేలాలి. తేలితే తెల్లవారి కూతుర్ని కారులో పడుకోబెట్టి గుంటూరు తీసుకెళ్లవచ్చు. తేలకపోతే ఏం చేయాలో ఆలోచించడానికే ఆమెకు భయంగా ఉంది.

కూతురు బాలసరస్వతికి తొలికాన్పు. అల్లుడు భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూ, పురిటికని ఆమెను దర్శి పంపించాడు. మాయ కిందికి జారి గర్భసంచి నోటికి అడ్డం పడి ఉందని గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ చూసి చెప్పింది. నొప్పులు రాకముందే ఆపరేషను చేసి బిడ్డను తీయాలంది. సరస్వతిది దొరకడం కష్టమైన నెగటివు రక్తం. ఇచ్చేవాళ్లను ఇద్దర్ని ఆవిడే గుంటూరులో మాట్లాడి ఉంచింది. ఎనిమిదో నెల రాగానే వచ్చి దగ్గర్లో గది తీసుకుని ఉండమంది. బస్సు మాత్రం ఎక్కించవద్దంది. కుదుపులకి రక్తం పోవడం మొదలైతే దారిలో ఆపగలిగేవాళ్లు ఉండరంది.

అయితే ఎనిమిదో నెలలో గర్భిణిని ఊరు దాటించరు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ దాటించలేదు. ప్రసూనాంబ ఆ మాటే అంది. హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పే జానకిరామయ్యకు ఈ పట్టింపుల మీద నమ్మకం లేదు గాని, భార్య మాట కాదని బయలుదేరదీసే ధైర్యమూ లేకపోయింది. సరే, తొమ్మిది రానిమ్మన్నాడు. తొమ్మిది వచ్చింది. దాంతోపాటే నిన్న పొద్దున సరస్వతి చీరకు రక్తపు మరకా వచ్చింది. ఇక ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు.

ఊళ్లో ఉన్న టాక్సీలు రెండూ పెళ్లివాళ్లతో అన్నవరం పోయాయి. మిగిలింది జానకిరామయ్య అన్నగారు పోతూ తమ్ముడికి వదిలిపోయిన పాత అంబాసిడరు. అది కూడా వారం కిందట పొదిలి రోడ్డు మీద బెదరగొట్టింది. స్టీరింగు ముందు ఆయిలు ప్రెషరు చూపించే ముల్లు ఉన్నట్టుండి అడుగుకి పడిపోయి, మళ్లీ లేవలేదు. ఇంజను మాత్రం మామూలుగానే మోగుతోంది. మెకానిక్ బుల్లయ్య చూసి రెండే సంగతులన్నాడు. మీటరన్నా చచ్చిపోయి ఉండాలి, లేదంటే లోపల బేరింగులన్నా అరిగిపోయి నూనె ఒత్తిడి నిలవకుండా ఉండాలి. మీటరైతే మార్చుకుంటే సరిపోతుంది. బేరింగులైతే, వేడెక్కిన ఇంజను ఏ పొలాల మధ్యో పట్టేస్తుంది, ఇక అంగుళం కదలదు. విప్పి చూడాలంటే రోజులు పడతాయి. అందుకని సరైన మీటరు ఒకటి తగిలించి ఇంజనునే అడగడం తప్ప దారి లేదు.

అతను పొలాల మధ్య అన్న దగ్గరే ప్రసూనాంబకు తన అక్కయ్య గుర్తొచ్చింది. ఆవిడ కూడా పురిటికే గూడుబండిలో బయలుదేరి, వీధి మలుపులో వెనక్కి తిరిగి నవ్వింది. మళ్లీ ఆ ముఖం చూడలేదు వీళ్లు. అప్పటినుంచి ఎవరు ప్రయాణమైనా, బండి కదిలే వేళకు ప్రసూనాంబ వంటింట్లోకి వెళ్లి ఏదో గిన్నె తోముతూ కూర్చుంటుంది. కదిలే కిటికీలోంచి వెనక్కి చూసే ముఖాన్ని చూసే ధైర్యం ఆమెకు లేదు.

మొదటి మీటరు రోశయ్య తెచ్చాడు. పక్క వీధిలో ఉండే పత్తి రైతు, మాటకు ముందు నవ్వే మనిషి. పత్తికి మందు కొట్టే ఇంజను స్ప్రేయరు నుంచి విప్పుకొచ్చాడు దాన్ని. ఇత్తడిది, తళతళలాడుతోంది.

“కొత్తది మాస్టారూ. పురుగు చావట్లేదు గాని మీటరు మాత్రం గిర్రున తిరుగుద్ది.”

జానకిరామయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అంకెలు చూశాడు. ఆరు వందల దాకా ఉన్నాయి. మన ఇంజనుకు ఉండేది ఏ నలభయ్యో యాభయ్యో పౌన్లు, దీనితో చూడటం మిర్చి బస్తాల కాటా మీద ధనియాలు తూచడమే అవుతుందన్నాడు. రోశయ్య మనసు కష్టపెట్టడం ఎందుకని బుల్లయ్య తగిలించి చూశాడు. ముల్లు నిద్రలో ఒత్తిగిలినట్టు ఒక్క పిసరు కదిలి ఊరుకుంది. అది ముప్ఫయ్యో అరవయ్యో చెప్పడం ఎవరి తరమూ కాదు. మాస్టారి కారుకు తన మందు మిషనుకున్న సత్తువ కూడా లేదని రోశయ్య ఎగతాళి చేసి, మీటరు మళ్లీ సంచిలో వేసుకున్నాడు.

రెండోది బుల్లయ్య ఒంగోలు నుంచి తెప్పించింది. తెల్లటి ముఖం, నల్లటి అంకెలు, లోపల చిన్న బల్బు. వంద దాకా గీతలున్నాయి. ఇంజను తిప్పగానే ముల్లు అరవై మీదికి ఎగిరి అక్కడే నిలబడింది. బుల్లయ్య బానెట్ మీద చరిచాడు. ఇంజను గుండ్రాయిలా ఉంది, ఢిల్లీ దాకా పొమ్మన్నా పోతుందన్నాడు. జానకిరామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నిన్నటినుంచి బిగబట్టిన ఊపిరి అందరికీ ఒక్కసారే వదిలింది. ప్రసూనాంబ కూడా మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

బుల్లయ్య ఇంజను ఆపేసి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ఇంటికి వెళ్లి సంచులు సర్దాలి అనుకుంటూనే ఆమె మీటరు వంక మరోసారి చూసింది. ముల్లు దిగింది గాని పూర్తిగా దిగలేదు. ఇరవై దగ్గర ఆగిపోయింది. ఇంజను ఆగింది, ఫ్యాను ఆగింది. ముల్లు మాత్రం అక్కడే ఉంది.

“ఏమండీ, ఇంజను ఆపేశాక కూడా ఇది ఇరవై చూపిస్తోందేమిటి?”

గొట్టంలో ఇంకా కొంత ఒత్తిడి మిగిలి ఉంటుందమ్మా అన్నాడు బుల్లయ్య. టీలు వచ్చాయి, తాగారు. ముల్లు కదల్లేదు. జానకిరామయ్య అద్దం మీద వేలితో కొట్టాడు. కదల్లేదు. చివరికి మీటరును గొట్టం నుంచి పూర్తిగా ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు. దేనితోనూ సంబంధం లేకుండా, ఒట్టి చేతిలో కూడా అది ఇరవై చూపిస్తూనే ఉంది. ఆయన ముఖం వాడిపోయింది. లేనిచోట ఇరవై చెప్పేది, ఉన్నచోట ఎంత కలిపి చెబుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు మూడోది తగిలించారు. అది బుల్లయ్య పెరట్లో తుక్కుగా పడి ఉన్న కారుది. అద్దం బీట వేసింది, ముఖం పాత కాగితంలా పసుపెక్కింది, రాగి గొట్టం దానితోనే ఉంది. ఇంజను తిప్పి కాస్త వేగం ఇస్తే ముల్లు సన్నగా వణుకుతూ లేచి నలభై దగ్గర నిలబడింది. ఇంజను బాగా వేడెక్కనిచ్చి వేగం తగ్గిస్తే పద్దెనిమిదికి జారింది. ఆపేస్తే మెల్లగా, అలిసిన మనిషి మెట్లు దిగినట్టు సున్నాకి దిగింది.

మంచి మాట చెప్పిన మీటరుని వదిలి, చెడ్డమాట చెప్పినదాన్ని పట్టుకోవడానికి ఎవరికీ మనసు రావడం లేదు. పాతదాంట్లో స్ప్రింగు సాగిపోయి తక్కువ చూపిస్తుందేమో అని బుల్లయ్య అన్నాడు. జానకిరామయ్య ఆ మాట అందుకోబోయి, భార్య ముఖం చూసి ఆగాడు. రెండూ తీసుకుని బస్టాండు పక్కన లారీ టైర్లకు గాలి కొట్టే ఇమ్మానియేలు షాపుకు నడిచారు. గాలి గొట్టానికి రెండు మీటర్లూ ఒక్కసారే తగిలించి, పంపు మీదున్న పెద్ద మీటరు నలభై చూపించేదాకా గాలి పట్టించాడు ఇమ్మానియేలు. పాతది నలభై మీద నిలబడింది. కొత్తది అరవై అంది. ఇంకా కాస్త పెంచాడు, తగ్గించాడు. ప్రతిసారీ పాతది పంపుతో కలిసి నడిచింది. కొత్తది తన ఇరవై తాను కలుపుకుంటూనే ఉంది.

అంటే ముసలి ఇంజనే, బేరింగులు అరిగాయి గాని ఇంకా ప్రాణం ఉందని తేల్చాడు బుల్లయ్య. వేగంగా పోతున్నప్పుడు ముప్ఫైకి తగ్గకపోతే భయం లేదు. తగ్గితే మాత్రం ఎక్కడున్నా సరే వెంటనే ఇంజను ఆపేయాలి. ఒక డబ్బా ఆయిలు కూడా పెట్టుకోమన్నాడు. రోశయ్యకు ఇదేమీ నచ్చలేదు.

“ఆ కొత్తదే బిగించుకోండమ్మగారూ. దారెంబడి చూస్తుంటే ధైర్యంగా ఉంటది.”

“ధైర్యం వద్దు రోశయ్యా. ఉన్నది చూపిస్తే చాలు” అంది ప్రసూనాంబ.

తెల్లవారగానే బయలుదేరారు. వెనక సీటు మీద బొంత పరిచి, తలకిందా కాళ్లకిందా దిండ్లు పెట్టి సరస్వతిని పడుకోబెట్టారు. తల్లి తన పక్కన కూర్చోవాలని ఆ పిల్ల ఆశ. మాస్టారి కళ్లు రోడ్డు మీద ఉండాలి, కాబట్టి మీటరు చూడటానికి ఇంకొకరు ముందు కూర్చోక తప్పదు. ప్రసూనాంబ ముందు కూర్చుంది. ఇంటిముందు నుంచి కారు కదులుతుంటే మొదటిసారి ఆమె వంటింట్లో లేదు. వెనక్కి తిరగాలని ఉంది. తిరిగితే ముల్లు కనిపించదు. సీట్ల మధ్యలోంచి సరస్వతి చెయ్యి వచ్చి ఆమె భుజం మీద వాలింది. ఆ చెయ్యి బరువును బట్టి కూతురు ఎలా ఉందో తెలుసుకుంటూ, కళ్లు మాత్రం ఆ పసుపు ముఖం మీదే పెట్టి కూర్చుంది.

ముండ్లమూరు దాటారు. నలభై. గుండ్లకమ్మ దాటి అద్దంకి ఊళ్లోకి వచ్చారు. ఎడ్లబండ్ల వెనక మెల్లగా పోవలసి వచ్చినప్పుడు ముల్లు ఇరవైకి జారింది, ఆమె ఊపిరి కూడా దానితోనే జారింది. ఊరు దాటి వేగం అందుకోగానే మళ్లీ లేచింది. పత్తి బోరాలు వేసుకున్న లారీలు రోడ్డంతా తామే అన్నట్టు ఎదురొస్తుంటే జానకిరామయ్య మార్జినులోకి దిగకుండా, కుదుపు లేకుండా, చేటలో బియ్యం కదిలించినంత మెత్తగా తప్పిస్తున్నాడు. ఎంతుంది అని ఆయన అడుగుతాడు. ఈమె చెబుతుంది.

సంతమాగులూరు దాటాక భుజం మీద చెయ్యి బిగుసుకుంది.

“అమ్మా, తడిగా ఉంది.”

ఏం తడి అని ప్రసూనాంబ అడగలేదు. జానకిరామయ్యా అడగలేదు. ఆయన ఆక్సిలరేటరు నొక్కాడు. పాత కారు ఒళ్లంతా వణుకుతూ ముందుకు దూకింది. ముల్లు నలభై రెండుకి లేచి కాసేపు నిలబడింది. తర్వాత వేగం అలాగే ఉన్నా అది దిగడం మొదలుపెట్టింది. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై అయిదు. ఆమె కళ్లు నలుపుకుని చూసింది. ముప్ఫై రెండు. ఎక్కడినుంచో మాడిన నూనె వాసన వస్తోంది.

ఆమె చెప్పింది. ఆయన వినిపించుకోనట్టు నడుపుతున్నాడు. ముప్ఫై కిందికి దిగింది, ఇరవై అయిదు అని చెప్పింది. నరసరావుపేట ఎంతో దూరం లేదని, పాత మీటరుకు ఆ మాత్రం తేడా వస్తుందని, అటు చూడవద్దని ఆయన అన్నాడు. వెనక పిల్లకు రక్తం పోతుంటే నడిరోడ్డు మీద ఆపి ఏం చేయగలమన్నాడు.

ప్రసూనాంబకు ఆ మాట నిజమే అనిపించింది. ఆపితే పోయే ప్రతి నిమిషమూ సరస్వతి ఒంట్లోంచే పోతుంది. ఆపకపోతే, ఈ ఇంజను ఏ క్షణానైనా పట్టేస్తే, ఇక నిమిషాల లెక్క ఉండదు.

“ఆపండి. ఇది అబద్ధం చెప్పదని నిన్న మనమే కదా తేల్చుకున్నాం. ఆపండి.”

ఆయన ఆపాడు. ఇంజను ఆగిన నిశ్శబ్దంలో బానెట్ కింద నూనె చుక్కలు వేడి ఇనుము మీద పడి చుర్రుమంటున్నాయి.

ఆపిన చోటు కూడా మంచిది కాలేదు. రోడ్డు పక్కనే మిరప కళ్లం. ఎర్రగా ఎకరం మేర కాయలు ఆరబోసి ఉన్నాయి, ఆడవాళ్లు బారుగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. గాలి తిరగగానే ఘాటు కారులోకి కొట్టింది. సరస్వతి దగ్గింది. దగ్గినప్పుడల్లా పొత్తికడుపు రెండు చేతులా పట్టుకుంటోంది, ముఖం తెల్లబడుతోంది. ప్రసూనాంబ చెంబులో నీళ్లతో తువ్వాలు తడిపి కూతురు ముక్కుకు అడ్డం పెట్టి, కళ్లం వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి, కాయ కదిలించవద్దని వేడుకుంది. ఆడవాళ్లలో పెద్దావిడ ఒకతె, వెంకాయమ్మట పేరు, లేచొచ్చి కారులోకి తొంగి చూసింది. చూసి ఒక్క కేక పెట్టింది. ఏరేవాళ్లంతా చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. వెంకాయమ్మ తన పాత చీర తెచ్చి గాలి వచ్చే కిటికీకి అడ్డం పట్టుకుని నిలబడింది.

బానెట్ ఎత్తి చూసిన జానకిరామయ్య, ప్రసూనాంబను పిలిచాడు. మీటరుకు పోయే రాగి గొట్టం రేకు రంధ్రంలోంచి లోపలికి వెళ్లే చోట, రేకు అంచుకు రాసుకుని రాసుకుని చిట్లింది. అక్కడ రబ్బరు బిళ్ల ఒకటి వేయాలి. నిన్న చీకటి పడుతోందన్న తొందరలో ఎవరికీ గుర్తు రాలేదు. ఆ చీలికలోంచే నూనె ఇంజను మీదికి చిమ్ముతోంది. నూనె మట్టం చూసే కమ్మి తీస్తే కొసకు మాత్రమే తడి అంటుకుంది. ఇంకొంచెం దూరం పోయి ఉంటే నరసరావుపేట చూసేవాళ్లు కాదు.

నిజం చెప్పేదాన్ని ఏరి ఏరి బిగిస్తే, అది తెచ్చిన గొట్టమే ఇంజను రక్తం తోడేసింది. తోడేస్తున్న సంగతి కూడా అదే చెప్పింది. దీనికి ఎవరిని తిట్టుకోవాలో ప్రసూనాంబకు తెలియలేదు, తిట్టుకునే తీరికా లేదు.

గొట్టం అతకడానికి అక్కడ ఏమీ లేదు. దాన్ని మూసేయడం ఒక్కటే మిగిలింది. మూసేస్తే ఇక మీటరు ఉండదు. చీలిక దగ్గర విరిచి, ఇంజను వైపు మిగిలిన ముక్కను రెండు మడతలు మడిచి చదును చేయాలి. సలసల కాలుతున్న గొట్టాన్ని జానకిరామయ్య ఒట్టి వేళ్లతోనే విరిచాడు. ప్రసూనాంబ కొంగు మూడు పొరలు చుట్టి దాన్ని పట్టుకుంది. ఆయన దాని కింద ఒక రాయి ఒత్తి పెట్టి పానాతో కొట్టాడు. ఒక దెబ్బ ఆమె వేలికి తగిలింది. ఆమె పట్టు వదలలేదు. ఆయన అటు చూసి ఆగబోతే, కొట్టండి అంది. రాగి మెత్తటిది, మడత మీద మడత పడి రేకులా అతుక్కుపోయింది. డబ్బాలో ఆయిలంతా ఇంజనులో పోశారు.

జానకిరామయ్య తాళం తిప్పాడు. ఇద్దరూ చెవులు పెట్టి విన్నారు. లోపల ఎక్కడా సుత్తి కొట్టిన చప్పుడు లేదు. మడత దగ్గర ఒక చుక్క ఊరి, అక్కడే ఆగింది. ఇక రాలేదు.

మీటరు ముల్లు సున్నా మీద ఉంది. ఇప్పుడు దాన్ని చూసి తెలుసుకునేది ఏమీ లేదు. ప్రసూనాంబ ముందు తలుపు వేసేసి, వెనక తలుపు తీసి ఎక్కింది. కూతురు తల ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. బయలుదేరినప్పటినుంచి ఆ ముఖం సరిగ్గా చూడటం ఇదే మొదటిసారి. పెదాలకు రంగు లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

“ఎంతుందమ్మా ప్రెషరు?” అంది సరస్వతి, తండ్రి గొంతును అనుకరిస్తూ.

“మాట్లాడకు. మీ నాన్న నడుపుతాడు.”

కళ్లంలో ఆడవాళ్లు అలాగే కదలకుండా కూర్చుని ఉండగా కారు కదిలింది. నరసరావుపేట వచ్చింది, పోయింది. ఫిరంగిపురం కొండ కనిపించింది. మీటరు లేని ఆ దారంతా జానకిరామయ్య ఇంజను చప్పుడు వింటూ నడిపాడు. ప్రసూనాంబ కూతురి మణికట్టు పట్టుకుని, కళ్లు మూతపడబోయినప్పుడల్లా పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంది. ఒకచోట పిలిచినా సరస్వతి పలకలేదు. చెంప మీద కొడితే పలికింది. కన్నకూతుర్ని పెద్దయ్యాక కొట్టడం అదే మొదలు.

బ్రాడీపేటలో ఆటోల మధ్యలోంచి హారను మీద చెయ్యి తీయకుండా ఆస్పత్రి గేటులోకి వచ్చారు. డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చి ఒక్కసారి చూసి, రక్తం ఇచ్చేవాళ్లకు కబురు పంపమని లోపలికి కేకేసింది. ఎనిమిదో నెలలో రమ్మంటే ఇప్పుడా తీసుకురావడం అని ప్రసూనాంబను ఒక్కమాట అడిగింది. జవాబు కోసం ఆగలేదు. స్ట్రెచరు వెంట ప్రసూనాంబ గది వాకిలి దాకా పరుగెత్తింది. తలుపులు మూసుకున్నాయి.

వరండా బల్ల మీద భార్యాభర్తలు కూర్చున్నారు. ఆయన వేళ్లు బొబ్బలెక్కాయి, ఆమె వేలు నీలంగా వాచింది. నువ్వు ఆపమనకపోతే నేను ఆపేవాణ్ని కాదని ఆయన అన్నాడు. నేను ఎనిమిదిలో కదలనిచ్చి ఉంటే ఆపాల్సిన పనే లేదు కదా అంది ఆమె. ఆయన ఆమె వాచిన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. నర్సు నవ్వుతూ వచ్చి, ఆడపిల్ల, బాగుందండీ అని చెప్పింది. చెప్పి, ఆడపిల్ల అంటే ఇంట్లోవాళ్ల ముఖాల్లో మామూలుగా కనిపించే నిరాశ కోసం చూసింది. ప్రసూనాంబకు ఆ మాట చెవికెక్కనే లేదు.

“మా సరస్వతి?”

“రక్తం ఎక్కుతోందండీ. ఇప్పుడే కళ్లు తెరిచారు, అమ్మ ఏదని అడుగుతున్నారు. చేతులు కడుక్కుని రండి, అలా రాకూడదు.”

ప్రసూనాంబ తన చేతులు చూసుకుంది. మోచేతుల దాకా నల్లటి నూనె. కొళాయి దగ్గర నర్సు ఇచ్చిన సబ్బుతో రుద్దింది, మళ్లీ రుద్దింది. గోళ్ల సందుల్లో నలుపు వదల్లేదు. వాచిన వేలు సలుపుతున్నా ఇంకోసారి గట్టిగా రుద్ది, చేతులు ముందుకు చాచి నర్సుకు చూపించింది. నర్సు తలుపు పట్టుకుని పక్కకు తప్పుకుంది. ప్రసూనాంబ లోపలికి నడిచింది.